లంక గుట్టు

“యింటిగుట్టు లంకకు చేటు” అని మనవాళ్ళ సామెత. విచిత్రమేమంటే, రామాయణాన్ని భక్తితో పారాయణం చేసే జాతి యీ సామెతను మాత్రం లంక పక్షాన నిలబడి చెప్పుకుంటుంది. విభీషణుడు ధర్మం వైపు నిలిచాడని పురాణం చెబుతుంది. అయినా బిడ్డకు విభీషణుడని పేరు పెట్టే తండ్రి సాధారణంగా కనపడడు. రాజ్యం యెంత అన్యాయమైనదైనా కావచ్చు, దాని గుట్టు బయటపెట్టినవాడు యింటిదొంగే అన్న భావం మన యెముకల్లో పాతుకుపోయి వుంది. యీ భావం యెవరికి వుపయోగపడుతుందన్న ప్రశ్న మనం అరుదుగా వేసుకుంటాం. లంకను యేలేవాళ్ళకు ఆ ప్రశ్న వేసుకోవలసిన అవసరమే లేదు. వాళ్ళకు జవాబు తెలుసు.

యిరవయ్యో శతాబ్దపు లంకలకు కోటలూ కందకాలూ లేవు. వాటికి వున్నవి కార్యాలయాలు, పేటెంటు పత్రాలు, “వ్యాపార రహస్యం” అని ముద్రవేసిన కాగితాలు. అటువంటి ఒక లంక స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో 1896లో పుట్టిన హాఫ్మన్-లా రోష్ అనే మందుల కంపెనీ. దానిలో పెద్ద వుద్యోగం చేస్తూ దాని గుట్టు బయటపెట్టిన మనిషి స్టాన్లీ ఆడమ్స్. అతని కథను యూరపులో చాలామంది ఒక వ్యక్తి విషాదంగా చెప్పుకున్నారు. విషాదం వున్న మాట నిజమే. కాని దాన్ని అక్కడితో వదిలేస్తే కంపెనీ తప్పించుకుంటుంది. కనుక మనిషి దగ్గరికి వెళ్ళేముందు ధరల దగ్గర మొదలుపెట్టాలి.

1973లో బ్రిటిష్ గుత్తాధిపత్యాల కమిషన్ ఒక నివేదిక ప్రకటించింది. విషయం రెండు మందులు: లిబ్రియం, వాలియం. రెండూ మనసులోని ఆందోళనను అణచిపెట్టే మాత్రలు, రెండూ రోష్ కంపెనీవే. బాసెల్‌లోని తల్లి కంపెనీ బ్రిటన్‌లోని తన పిల్ల కంపెనీకి లిబ్రియం ముడిమందును కిలో 370 పౌండ్లకు, వాలియం ముడిమందును కిలో 922 పౌండ్లకు అమ్ముతున్నదని ఆ నివేదిక తేల్చింది. అవే పదార్థాలు ఇటలీలో వేరే తయారీదారుల దగ్గర కిలో 9 పౌండ్లకూ, 20 పౌండ్లకూ దొరుకుతున్నాయి. తేడా నలభై రెట్లకు పైమాటే.

పాఠకులు యిక్కడ ఒక క్షణం ఆగాలి. అమ్మినవాడూ కొన్నవాడూ ఒక్కడే. తండ్రి కొడుక్కి అమ్మినట్టు, కుడిజేబులోంచి తీసి యెడమజేబులో వేసుకున్నట్టు. మరి యింత ధర దేనికి? పిల్ల కంపెనీ లెక్కల పుస్తకంలో లాభం చిక్కిపోయి కనపడాలి. “అయ్యా, ముడిమందే యింత ఖరీదు, మాకు మిగిలేదేముంది?” అని బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర వాపోవాలి. అసలు లాభం పన్నులు తక్కువైన స్విట్జర్లాండులో తేలాలి. యిదీ యంత్రాంగం. బ్రిటన్‌లో మందుల ఖర్చు ప్రజారోగ్య సర్వీసుది, అంటే పన్నులు కట్టే శ్రమజీవులది. బొగ్గుగనిలో పనిచేసేవాడి జీతంలోంచి కోసిన పన్ను, అతని భార్య మింగే మాత్ర గుండా, బాసెల్ చేరుతున్నదన్నమాట.

పరిశోధనకు ఖర్చవుతుంది, ఆ ఖర్చు ధరలోనే రాబట్టుకోవాలి అని కంపెనీ వాదించింది. యీ వాదం మనకూ చిరపరిచితం. దీన్ని పూర్తిగా కొట్టిపారవేయనక్కరలేదు. కొత్త మందు ఆకాశంనుంచి వూడిపడదు. కాని లిబ్రియం, వాలియం కనిపెట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు లియో స్టెర్న్‌బాక్ ఆ కంపెనీలో జీతగాడు. యూదుడు కనుక హిట్లరు భయానికి 1941లో బాసెల్ వదిలి అమెరికాలోని రోష్ ప్రయోగశాలకు చేరినవాడు. అక్కడి ఆచారం ప్రకారం తన పేటెంటును ఒక్క డాలరు నామమాత్రపు సొమ్ముకు కంపెనీకి రాసిచ్చాడు. పరిశోధన ఖర్చుకు న్యాయమైన వాటా వదిలిపెట్టిన తర్వాత కూడా ధర అన్యాయంగానే వున్నదని బ్రిటిష్ కమిషన్ నిర్ణయించింది. అది సోషలిస్టుల సంఘం కాదు. పెట్టుబడిదారీ ప్రభుత్వం వేసిన కమిషనే. 1970 నాటి ధరతో పోలిస్తే లిబ్రియం ధర నూటికి 40కి, వాలియం ధర నూటికి 25కి దించాలని ప్రభుత్వం వుత్తరువు చేసింది. కంపెనీ కోర్టుకెక్కింది. వ్యవహారం ప్రభువుల సభ దాకా పోయి, చివరకు 1975లో రాజీతో ముగిసింది.

ధర ఒక పార్శ్వం. అమ్మే పద్ధతి రెండోది, నా దృష్టిలో యింకా ఆసక్తికరమైనది అదే. బ్రిటన్‌లో వేరే కంపెనీలు కొన్ని చట్టప్రకారం లైసెన్సు సంపాదించి యీ మందుల్ని చవకగా అమ్మబోయాయి. అప్పుడు రోష్ యేం చేసింది? ఆసుపత్రులకు మందును ఉచితంగా యివ్వడం మొదలుపెట్టింది. కెనడాలోనూ 1970లో యిదే పని చేసింది. ఆసుపత్రులకు వాలియం ఉచితం! యెంత ఉదారం! కాని ఆసుపత్రిలో వాలియం అలవాటైన రోగి యింటికి వస్తాడు. యింటి దగ్గరి డాక్టరు ఆ చీటీనే కొనసాగిస్తాడు. ఆసుపత్రిలో తర్ఫీదైన కుర్ర డాక్టరుకు ఆ పేరే నోటికి వస్తుంది. చవకగా అమ్మవచ్చిన చిన్న కంపెనీ, ఉచితం ముందు నిలవలేక దుకాణం కట్టేస్తుంది. తరవాత బయటి దుకాణంలో ధర యెంత పెట్టాలో కంపెనీ యిష్టం. కెనడా కోర్టు 1980లో యీ ఔదార్యాన్ని నేరంగా నిర్ధారించింది. మన పల్లెటూళ్ళలో కల్లుదుకాణం కొత్తగా తెరిచినవాడు మొదటి ముంత వూరికే పోసే పద్ధతికీ దీనికీ తేడా యేమిటో నాకు తెలియదు. ఒకటి మాత్రం చెప్పవచ్చు: కల్లు పోసేవాడు తాను శాస్త్రసేవ చేస్తున్నానని చెప్పుకోడు.

అమెరికాలో వాలియాన్ని 1963లో బజారులో పెట్టారు. దాని ప్రచారాన్ని చేతపట్టినవాడు ఆర్థర్ శాక్లర్ అనే డాక్టరు, డాక్టర్లకు మందులు అమ్మే ప్రకటనల విద్యకు ఆద్యులలో ఒకడు. 1969 నుంచి 1982 దాకా అమెరికా డాక్టర్లు అన్ని మందులకన్నా యెక్కువగా రాసిన మందు అదే. యిన్ని కోట్లమందికి ఒక్కసారి జబ్బు యెలా వచ్చింది? యింటిపనిలో మగ్గిపోయే గృహిణి విసుగు, ఆఫీసులో నలిగిపోయే గుమాస్తా నిద్రలేమి, పరీక్ష ముందు విద్యార్థిని దడ — యివన్నీ ఒక సమాజం మనుషులమీద పెట్టిన బరువులు. ప్రకటనలు వాటికి జబ్బు అని పేరుపెట్టాయి. బరువు దింపే మాట యెత్తకుండా, బరువు తెలియకుండా చేసే మాత్ర అమ్మాయి. ఆ మాత్ర మానలేని అలవాటుగా మారుతున్నదని గ్రహించి అమెరికా ప్రభుత్వం 1975లో దాన్ని నియంత్రిత మందుల పట్టీలో చేర్చేసరికి పన్నెండేళ్ళు గడిచాయి.

వాలియం సంగతి జనానికి తెలిసింది, పత్రికల్లో వచ్చింది. వైటమిన్ల సంగతి యెవరికీ తెలియదు. 1934లో వైటమిన్ సి ని కార్ఖానాలో తయారుచేయడం మొదలుపెట్టిన నాటినుంచి వైటమిన్లలో రోష్ దే అగ్రస్థానం. యివి మాత్రల రూపంలో మనం మింగేవే కావు. రొట్టెలోకి, పాలడబ్బాలోకి, అన్నిటికంటే యెక్కువగా కోళ్ళ మేతలోకీ పందుల మేతలోకీ టన్నులకొద్దీ పోతాయి. అంటే వైటమిన్ ధరలో ఒక పైసా పెరిగితే అది గుడ్డులో, మాంసంలో, బిస్కెట్టులో పంచుకుపోయి కనపడకుండా ప్రతివాడి యింట్లోకీ వస్తుంది. మందు ధర పెరిగితే రోగి అయినా మొరపెడతాడు. మేతలో వైటమిన్ ధర పెరిగిందని మొరపెట్టే మనిషి యెక్కడున్నాడు?

స్టాన్లీ ఆడమ్స్ యీ వైటమిన్ల అమ్మకాల్లో పెద్ద అధికారి. మాల్టా ద్వీపంలో పుట్టినవాడు, 1964లో కంపెనీలో చేరాడు. అతని బల్లమీదుగా పోయే కాగితాల్లో కంపెనీ తన పెద్ద ఖాతాదారులతో చేసుకున్న ఒప్పందాలు వున్నాయి. వాటి పద్ధతి యిది: నీకు కావలసిన వైటమిన్లన్నీ, లేదా చాలామట్టుకు, నా దగ్గరే కొంటానని ఒప్పుకో. సంవత్సరాంతాన నీకు రాయితీ యిస్తాను. ఆ రాయితీ యెక్కువ సరుకు కొన్నందుకు కాదు, వేరేవాడి దగ్గర కొననందుకు. పైగా అది ఒక్కొక్క వైటమిన్‌కూ విడిగా కాదు, అన్నిటికీ కలిపి. వైటమిన్ సి ని యింకొకడు చవకగా యిస్తున్నాడని అటు వెళితే ఏ, ఇ, బి6 లమీద రాయితీ కూడా పోతుంది.

ఆ ఒప్పందాల్లో “ఇంగ్లీషు షరతు” అని ఒకటి వుంది. వేరే కంపెనీ తక్కువ ధర చెబితే, ఖాతాదారు ఆ సంగతి వచ్చి రోష్ కు చెప్పాలి. రోష్ ఆ ధరకు దిగకపోతే అప్పుడు అవతలివాడి దగ్గర కొనుక్కోవచ్చు. పైకి చూస్తే కొనేవాడికి మేలు చేసే షరతు. లోతుకు పోయి చూస్తే, బజారులో యెవరు యెక్కడ యెంత ధర చెబుతున్నాడో కొనేవాళ్ళందరూ రోష్ కు వేగు తెచ్చి యిచ్చే యేర్పాటు. యీ మాట గుర్తుంచుకోవాలి. యెందుకంటే కొన్నాళ్ళకు గూఢచర్యం చేశాడని ఫిర్యాదు చేసింది యీ కంపెనీయే.

1973 జనవరి 1న స్విట్జర్లాండుకూ యూరపు ఉమ్మడి మార్కెట్టుకూ మధ్య వర్తక ఒప్పందం అమలులోకి వచ్చింది. పోటీని చంపే కుట్రలు చెల్లవని అందులో ఒక నిబంధన. ఆడమ్స్ ఆ నిబంధనను నమ్మాడు. 1973 ఫిబ్రవరి 25న ఉమ్మడి మార్కెట్టు కమిషన్‌లో పోటీ విషయాలు చూసే బోర్షెట్‌కు వుత్తరం రాశాడు. రోష్ యేం చేస్తున్నదో చెప్పాడు, కాగితాలు పంపిస్తానన్నాడు, తన పేరు మాత్రం బయటపెట్టవద్దని కోరాడు. కాగితాలు పంపాడు కూడా. ఆ అక్టోబరుకు వుద్యోగం వదిలి భార్యా ముగ్గురు ఆడపిల్లలతో ఇటలీ వెళ్ళాడు, పందుల పెంపకం పెట్టుకుని బతుకుదామని.

అతని వుద్దేశం యేమిటి? విప్లవకారుడు కాడు. సోషలిజం పేరు యెత్తినవాడు కాడు. స్వేచ్ఛగా పోటీ జరిగితే లోకం బాగుంటుందని నమ్మిన వర్తక ప్రపంచపు మనిషి. పుస్తకాల్లో చదివిన పెట్టుబడిదారీ సూత్రాలకూ, తన బల్లమీది పెట్టుబడిదారీ కాగితాలకూ పొత్తు కుదరక అతను కలతపడ్డాడు. మన పక్షపు రచయితలు కొందరు అటువంటివాణ్ణి తేలిగ్గా తీసిపారేస్తారు. అది పొరపాటు. ఒక వ్యవస్థ తాను ప్రకటించిన ధర్మాన్ని తానే పాటించడంలేదని దాని మాటలతోనే రుజువు చేసేవాడు, బయటినుంచి పది కేకలు వేసేవాడికన్నా దానికి ప్రమాదకరమైనవాడు. ఆ సంగతి బాసెల్ వాళ్ళు బాగా గ్రహించారు.

1974 శరత్కాలంలో కమిషన్ అధికారులు రోష్ శాఖల్లో దర్యాప్తుకు వెళ్ళారు. వెళ్ళినప్పుడు ఆడమ్స్ పంపిన కాగితాల నకళ్ళను, కొన్ని భాగాలు తీసేసి, ఆ శాఖల వుద్యోగుల చేతికి యిచ్చారు. లంకలో యే గుమ్మం గుండా గుట్టు బయటికి పోయిందో తెలుసుకోడానికి కంపెనీకి యింతకన్నా యేం కావాలి? ఆ కాగితాలు యెవరెవరి చేతుల్లో వుంటాయో వాళ్ళ కార్యాలయానికి తెలుసు. నవంబరులో కంపెనీ వకీలు స్వయంగా కమిషన్ దగ్గరికి వచ్చి, చెప్పినవాడెవడని అడిగాడు. క్రిమినల్ చర్యలు వుండవచ్చునని కూడా సూచించాడు. కమిషన్ పేరు చెప్పలేదు. అంతవరకు మర్యాదే. కాని ఇటలీలో వున్న మనిషికి, “నాయనా, వాళ్ళు నీ వెంట పడుతున్నారు, స్విట్జర్లాండు పొలిమేరలో అడుగు పెట్టకు” అని ఒక ముక్క రాసినవాడు లేడు.

1974 డిసెంబరు 31న ఆడమ్స్, భార్యా పిల్లలతో కొత్త సంవత్సరానికి బంధువుల యింటికి బయలుదేరి సరిహద్దు దాటాడు. అక్కడే అరెస్టు చేశారు. నేరం: పరదేశానికి ఆర్థిక రహస్యాలు అందజేయడం, అంటే స్విస్ దేశంమీద గూఢచర్యం. యీ నిబంధన పుట్టుక కూడా చెప్పాలి. 1935లో హిట్లరు యేజెంట్లు స్విస్ గడ్డమీద నుంచి, అదే బాసెల్ నుంచి, ఒక నాజీ వ్యతిరేక పత్రికారచయితను యెత్తుకుపోయారు. ఆ అలజడిలో గూఢచారులను అణచడానికి వచ్చిన చట్టంలోదే దీనికి మూలం. నాజీ వేగులవాళ్ళను పట్టడానికి పుట్టిన చట్టం నలభై యేళ్ళకు వైటమిన్ రాయితీలు బయటపెట్టినవాణ్ణి పట్టింది. కంపెనీ రహస్యమే దేశ రహస్యం. కంపెనీ లాభమే దేశ క్షేమం. పెట్టుబడిదారీ రాజ్యం వర్గస్వభావం గురించి మనం తరగతి గదుల్లో గంటలకొద్దీ చెప్పే మాటను స్విస్ శిక్షాస్మృతి ఒక్క సెక్షన్‌లో చెప్పింది.

పోలీసులు అతని భార్యను ప్రశ్నించారు. భర్తకు యిరవై యేళ్ళ దాకా శిక్ష పడవచ్చునని ఆమెకు చెప్పారు. 1975 జనవరిలో ఆమె ఆత్మహత్య చేసుకుంది. జైల్లో వున్న భర్తను అంత్యక్రియలకు పోనివ్వలేదు. దీనిమీద వ్యాఖ్యానం రాయడానికి నాకు చేతకాదు. మార్చి 21న 25,000 స్విస్ ఫ్రాంకుల జామీనుమీద అతను విడుదలయ్యాడు.

1976 వేసవి చరిత్ర విద్యార్థులు తారీఖులవారీగా చూడవలసినది. జూన్ 9న ఉమ్మడి మార్కెట్టు కమిషన్ రోష్ నేరం చేసిందని నిర్ణయించింది: యేడు రకాల వైటమిన్ల బజారులో తన గుత్తాధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని. జరిమానా 3 లక్షల లెక్కా యూనిట్లు, అది ఆ రోజుల్లో ఉమ్మడి మార్కెట్టు వాడుకునే కొలమానం. జూలై 1న బాసెల్ కోర్టు ఆడమ్స్ నేరస్థుడని తీర్పు చెప్పింది. సంవత్సరం ఖైదు, దాన్ని సస్పెండు చేశారు. అంటే కంపెనీ చట్టాన్ని అతిక్రమించిందని ఒక చోట రుజువైన మూడు వారాలకు, ఆ సంగతి చెప్పడం నేరమని యింకొక చోట రుజువైంది. రెండు తీర్పులకూ ఆధారం అవే కాగితాలు. యిక జూలై 10న ఇటలీలోని సెవెసో వూరిమీద డయాక్సిన్ విషమేఘం కమ్ముకుంది. ఆ కార్ఖానా రోష్ కు చెందిన జివొడాన్ కంపెనీది. ఆ విషం పేరేమిటో కంపెనీ ప్రయోగశాలకు కొద్దిరోజుల్లోనే తెలిసింది. జనాన్ని యిళ్ళు ఖాళీ చేయించడం మొదలైంది సుమారు రెండు వారాలకు. వ్యాపార రహస్యాన్ని కాపాడే అలవాటు మనుషుల పొలాల్లోకీ పిల్లల చర్మంమీదికీ యెలా దిగుతుందో చూడదలచినవాళ్ళకు సెవెసో వుంది.

రోష్ యూరపు న్యాయస్థానానికి అప్పీలు చేసింది. 1979 ఫిబ్రవరి 13న తీర్పు వచ్చింది. ఒక్క బి3 విషయంలో కంపెనీ మాట నెగ్గింది, మిగతావాటిలో నేరం ఖాయమైంది. జరిమానాను 2 లక్షల యూనిట్లకు తగ్గించారు. యీ తీర్పును యీనాటికీ యూరపు న్యాయశాస్త్ర విద్యార్థులు పాఠంగా చదువుతారు. గుత్తాధిపత్యం అంటే యేమిటో నిర్వచించిన తీర్పులలో అది ముఖ్యమైనదట. ఆ పాఠం యెవరి బతుకు ఖర్చుమీద తయారైందో ఆ పాఠంలో వుండదు.

ఇటలీలో ఆడమ్స్ వ్యాపారం మునిగింది. అప్పులు పైన పడ్డాయి. చివరకు ఇంగ్లండు చేరాడు. తనను బయటపెట్టినందుకు కమిషన్ మీదే దావా వేశాడు. 1985 నవంబరు 7న యూరపు న్యాయస్థానం చెప్పిన తీర్పు చిత్రమైనది. కమిషన్ రహస్యం కాపాడవలసిన బాధ్యత తప్పింది, నిజమే. వకీలు వచ్చి బెదిరించినపుడు హెచ్చరించకపోవడం తప్పే. కాని ఆడమ్స్ కూడా ఆ కాగితాలనుబట్టి తనను గుర్తుపట్టవచ్చునని కమిషన్‌కు చెప్పలేదు, తన చిరునామా తెలియజేయలేదు, ప్రమాదం తెలిసీ స్విట్జర్లాండు వెళ్ళాడు. కనుక నష్టంలో సగమే కమిషన్ భరించాలి. ఒక మనిషి యిల్లు కూలింది. కూల్చినవాళ్ళు యెవరు, కూలనిచ్చినవాళ్ళు యెవరు అన్న ప్రశ్నకు జవాబుగా, సగం తప్పు యింట్లో కాపురం వున్నవాడిది అని కొలిచి యిచ్చారు. రోష్ వాటా యెంత? ఆ దావాలో రోష్ కక్షిదారే కాదు.

యీ కథను యిక్కడే ఆపితే చదవడానికి బాగుంటుంది. కాని చరిత్ర రాసేవాడికి ఆ స్వేచ్ఛ లేదు. తర్వాత 1990లలో యిదే ఆడమ్స్, భీమా డబ్బుకోసం తన రెండో భార్యను చంపించబోయాడన్న నేరానికి ఇంగ్లండులో పదేళ్ళ శిక్ష పొందాడు. కంపెనీల పక్షం మాట్లాడేవాళ్ళకు యిది పెద్ద వూరట. “చూశారా, అతనెలాంటివాడో!” మనవాళ్ళు కొందరు దీన్ని దాచిపెట్టాలనుకుంటారు. రెండు వైఖరులకూ మూలం ఒక్కటే: గుట్టు బయటపెట్టినవాడు రుషి అయివుండాలన్న నమ్మకం. ఆడమ్స్ రుషి కాడు. ఆ రెండో నేరానికి సాకులు వెతకడం నీచం. కాని 1973లో అతను పంపిన కాగితాల్లోని ఒక్క అంకె కూడా దానివల్ల అబద్ధం కాలేదు. సాక్షి శీలం అనుమానాస్పదమైనప్పుడు సాక్ష్యాన్ని విడిగా పరీక్షించమని మామూలు మేజిస్ట్రేటు కోర్టు కూడా చెబుతుంది. యూరపు న్యాయస్థానం పరీక్షించింది, కంపెనీకి నేరం అంటగట్టింది. వీరుల్ని పూజించే అలవాటువల్ల మనకు వచ్చే నష్టం యిదే. వీరుడు పడిపోతే అతను చెప్పిన నిజం కూడా పడిపోయిందనుకుంటాం.

జరిమానా కట్టిన రోష్ బుద్ధి తెచ్చుకుందా? 1999 మే నెలలో అమెరికాలో నేరం ఒప్పుకుంది. దశాబ్దంపాటు వైటమిన్ల ధరలు నిర్ణయించడానికీ, బజారును పంచుకోడానికీ మిగతా కంపెనీలతో కలిసి కుట్ర చేసినందుకు 50 కోట్ల డాలర్ల జరిమానా. జర్మనీ కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్.కు 22 కోట్ల 50 లక్షలు. 2001 నవంబరు 21న యూరపు కమిషన్ యెనిమిది కంపెనీలకు వేసిన 85 కోట్లకు పైబడిన యూరోల జరిమానాలో రోష్ వాటాయే 46 కోట్ల 20 లక్షలు. అవే వైటమిన్లు, అదే కంపెనీ. 1970లలో ఖాతాదారులను రాయితీలతో కట్టివేసి పోటీదారులను తరిమింది. పోటీదారులు మిగిలినపుడు వాళ్ళతోనే బల్లచుట్టూ కూర్చుని, యేడాదికి యెవరు యెన్ని టన్నులు అమ్మాలో కోటాలు వేసుకుంది. పోటీ, గుత్తాధిపత్యం అనేవి రెండు వ్యతిరేక వ్యవస్థలు కావు, ఒకే వ్యాపారానికి రెండు ఋతువులు అని ఆడమ్స్‌కు తెలియలేదు. కమిషన్‌కు తెలియనట్టే వుంది.

యీ రెండో కుట్రలో ఫ్రెంచి కంపెనీ రోన్-పులెంక్ కూడా భాగస్వామి. ముందుగా వెళ్ళి గుట్టు చెప్పినందుకు అమెరికాలో దానిమీద కేసు పెట్టలేదు. యూరపులో దాని వారసురాలైన అవెంతిస్‌కు ఏ, ఇ వైటమిన్ల విషయంలో జరిమానా పూర్తిగా మాఫీ చేశారు. నేరంలో లాభం పంచుకున్న కంపెనీ గుట్టు చెబితే క్షమాభిక్ష. లాభంలో చిల్లిగవ్వ లేని వుద్యోగి గుట్టు చెబితే జైలు.

మన సంగతికి వద్దాం. యిదంతా దూరపు యూరపు వ్యవహారమని తెలుగు పాఠకుడు అనుకోనక్కరలేదు. వైటమిన్ల చరిత్రలో మనవాడు ఒకడు పెద్ద పేరు: భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. సోదరుణ్ణి స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్న ఆ మనిషి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పనిచేస్తూ, ఆ వ్యాధికి విరుగుడైన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో తన బృందంతో తయారుచేసి చూపాడు. అతని నాయకత్వంలోనే ఆరియోమైసిన్ పుట్టింది, 1948లో. ఆ సంవత్సరమే అతను చనిపోయాడు. ఆ కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్ మందు పేటెంటును మోసపు మాటలతో సంపాదించారనీ, ధర కట్టుదిట్టం చేశారనీ అమెరికా వర్తక కమిషన్ 1963లో తీర్పు చెప్పింది. సెనేటర్ కెఫావర్ సంఘం 1959 చివర మొదలుపెట్టిన విచారణల ఫలితంగా వెలువడిన నివేదికలో, ప్రపంచంలో మందుల ధరలు అతి యెక్కువగా వున్న దేశాల్లో భారతదేశం ఒకటని రాసింది. అతి పేదదేశంలో అతి ప్రియమైన మందు! 1970 పేటెంటు చట్టం ఆ మాటకు మనం చెప్పిన జవాబు. మందు అనే వస్తువుమీద గాక, తయారుచేసే పద్ధతిమీద మాత్రమే పేటెంటు యిచ్చే చట్టం అది. ఇటలీలో వాలియం పొడి 20 పౌండ్లకు దొరకడానికి కారణం కూడా, అప్పటికి ఆ దేశం మందులపై పేటెంట్లను గుర్తించకపోవడమే. సోవియట్ సాయంతో బాలానగర్‌లో లేచిన ఐ.డి.పి.ఎల్. కార్ఖానా, 1975లో మందుల బహుళజాతి కంపెనీలను జాతీయం చేయమన్న హాథీ కమిటీ నివేదిక — యివన్నీ ఆ కాలపు ఆశలు. నివేదికను ప్రభుత్వం అలమరలో పెట్టింది. 2005లో చట్టం మారి వస్తువు పేటెంటు తిరిగి వచ్చింది.

స్వదేశీ పెట్టుబడి వస్తే గుట్టు వుండదని భ్రమపడ్డవాళ్ళకు రాన్‌బాక్సీ చరిత్ర వుంది. మందుల పరీక్షల లెక్కలు తప్పుడువని లోపలి వుద్యోగి దినేశ్ ఠాకూర్ 2005లో అమెరికా అధికారులకు తెలియజేశాడు. 2013 మే నెలలో ఆ కంపెనీ అమెరికా శాఖ నేరం ఒప్పుకుంది, మొత్తం 50 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. అందులో ఠాకూర్‌కు 4 కోట్ల 80 లక్షల డాలర్లు దక్కాయి. అది 1863లో అంతర్యుద్ధకాలంలో సైన్యానికి కల్తీ సరుకు అమ్మే కాంట్రాక్టర్లను పట్టడానికి లింకన్ నాడు వచ్చిన చట్టం ఫలం. ఆ మొత్తాన్ని చూసి మనవాళ్ళు నోరు తెరిచారు. గమనించవలసింది అది కాదు. అదే మందు మింగిన మన రోగులకోసం మన దేశంలో అతనికి తలుపు దొరకలేదు. 2016లో అతను మందుల నియంత్రణ లోపాలపై సుప్రీంకోర్టుకు వెళితే విచారణకే తీసుకోలేదు.

డాక్టర్లకు కానుకలూ విదేశయాత్రలూ యివ్వరాదని 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఒక నియమావళి ప్రకటించింది. ఫిర్యాదులు వింటే వినేది మందుల కంపెనీల సంఘాలే వేసుకునే కమిటీలు. డాక్టరు బల్లమీది క్యాలెండరు, పెన్నులగూడు, కాగితాలమీద పెట్టే బరువు — వీటిమీద యెవరి పేరుందో ఆ పేరుగలవాళ్ళే ధర్మాసనం మీద కూర్చుంటారు. గుట్టు బయటపెట్టేవాళ్ళ రక్షణకోసం చేసిన చట్టానికి 2014 మే నెలలో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అమలులోకి తెచ్చే తేదీని మాత్రం యేళ్ళు గడిచినా ప్రకటించలేదు. ప్రకటించినా అది ప్రభుత్వోద్యోగుల అక్రమాలగురించి చెప్పేవాళ్ళకే వర్తిస్తుంది. బాసెల్ నుంచి ఆడమ్స్ రాసినటువంటి వుత్తరం రేపు జీడిమెట్లలోని యే మందుల కార్ఖానా గుమాస్తాయో రాస్తే, ఆ చట్టంలో అతనికి చోటులేదు.